చెలమ పక్కన అమ్మవారు

సోమవారం అంటే నాకు అసహ్యం. ఆదివారం మా కొండకు వచ్చిపోయిన వాళ్లు వదిలిన కంపు సోమవారం పొద్దున ఎండ ఎక్కేకొద్దీ లేస్తుంది. బీరు, బిర్యానీ, ఉచ్చ, పసిపిల్లల డైపర్లు, అన్నీ కలిసిన కంపు. బిందె చంకన పెట్టుకుని, కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, బండల మీద చూసి చూసి అడుగులేస్తూ పైకెక్కాలి. చూడకుండా వేస్తే ఏం తొక్కుతామో చెప్పను. చెబితే మీరు ఈ పూట అన్నం తినలేరు.

మాది మాచర్లకూ దుర్గికీ మధ్య కొండల అంచున ఒక చిన్న పల్లె. ఊరి వెనక కొండ మీద ఒక బండ పగులు నుంచి ఏడాది పొడుగునా నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లు ముందు ఒక చిన్న గుంటలో నిలుస్తాయి. దాన్ని చెలమ అంటాం. చెలమ నిండి పొర్లిన నీళ్లు పలకరాళ్ల మీదుగా జారి కింద మడుగులో పడతాయి. వానాకాలంలో తెల్లగా, చప్పుడు చేస్తూ దూకుతాయి. ఎండాకాలంలో దారమంత. దాన్ని జలపాతం అంటారని మాకెవరూ చెప్పలేదు. అవి మేం తాగే నీళ్లు, అంతే.

ఆ నీళ్లంటే మా అత్తకు ప్రాణం. ఆమెది ఈపూరు అవతల ఒక పల్లె. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడు. ఆమె తోడబుట్టిన వాళ్ల పళ్లు గార పట్టి, వయసు మీద పడకముందే మోకాళ్లు వంగిపోయాయి. కొత్త కోడలుగా వచ్చి మా చెలమ నీళ్లు మొదటిసారి తాగినప్పుడు, ఈ నీళ్ల కోసమన్నా ఈ ఇంట్లో పడి ఉండొచ్చు అనుకుందట. మా మామ ఎలాంటి మనిషో దీన్నిబట్టి మీరే తెలుసుకోండి. ఆయన పోయాడు, నీళ్లు మిగిలాయి. తర్వాత ఊళ్లో కుళాయిలు వేశారు, వాటిలో వచ్చేవీ బోరు నీళ్లే. మాచర్ల నుంచి డబ్బాల్లో నీళ్లు వస్తాయి గానీ, "అయ్యి చచ్చిన నీళ్లే పిల్లా, గొంతు దిగవు" అంటుంది. అందుకని రోజూ బిందె మోసేది నేనే. నాకూ ఆ రుచే అలవాటైంది.

అలాంటి చోటికి ఒకడు వచ్చాడు. డ్రోను ఎగరేసి, పైనుంచి కిందనుంచి తీసి, పాట కలిపి ఫోన్లో పెట్టాడు. పల్నాడులో ఎవరికీ తెలియని రహస్య జలపాతం అట. రహస్యమని పేరుపెట్టి లోకమంతా చాటేవాణ్ని ఏమనాలో నాకు తెలుసు గానీ, అచ్చులో రాయకూడదు.

ఆ తర్వాత చూడాలి. నరసరావుపేట నుంచి కార్లు, పిడుగురాళ్ల నుంచి బైకులు, కృష్ణ అవతల నుంచి కూడా జీపులు. అందరూ నీళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లే, నీళ్ల వంక చూసేవాడు ఒక్కడూ ఉండడు. అందరూ నీళ్లకు వీపు పెట్టి ఫోన్ల వంక చూస్తారు. తినేది తిని, తాగేది తాగి, సీసాలు బండకేసి కొడతారు. అది పగిలిన చప్పుడుకు కేరింతలు. రాతి పగుళ్లలో డైపర్లు కుక్కుతారు. దాచిపెడితే లేనట్టేనని వాళ్ల లెక్క. చెట్టుచాటున కూర్చోని మనిషి లేడు, కూర్చోని చెట్టూ లేదు. ఇంట్లో తెల్లటి టైల్స్ మీద చుక్క పడితే తుడిపించే ఆడవాళ్లే, మా చెలమలో పిల్లల ముడ్లు కడిగారు. నేను అడిగితే, "పారే నీళ్లే కదమ్మా" అన్నది ఒకావిడ. అవి పారి ఎక్కడికి పోతాయని ఆమె అనుకుందో!

మా ఊరివాళ్లేమీ తక్కువ తినలేదు. చికెన్ పకోడీ బండి ఒకరు, కూల్‌డ్రింకుల కొట్టు ఒకరు, కొండ కింద అంతా మొదలుపెట్టారు. మా ఆయన ఆటో నడుపుతాడు. మాచర్ల బస్టాండు నుంచి మా కొండదాకా జనాన్ని చేరవేసేది ఆయనే. ఇంట్లో అన్నం అందులోంచే వస్తోంది కాబట్టి ఆయన బాధ రెండు వైపులా ఉండేది. జనం రావాలి, కంపు రాకూడదు. నేను తిట్టినప్పుడల్లా తల వంచుకుని వినేవాడు, ఆదివారం పొద్దున్నే ఆటో తుడుచుకుని బయలుదేరేవాడు.

మధ్యలో ఒక ఆఫీసు నుంచి సార్లు వచ్చారు. మడుగు పక్కన షామియానా వేశారు. పర్యావరణాన్ని కాపాడుకుందాం అని పెద్ద ఫ్లెక్సీ కట్టారు. కుర్చీలో కూర్చున్న ప్రతివాడి చేతిలో ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా. పక్కన తాగే నీళ్లు పారుతుంటే, వాటిని కాపాడ్డం గురించి సీసా నీళ్లు తాగుతూ మాట్లాడారు. బాధ్యత గల పర్యాటకం, భావితరాలు, ఇంకా ఏవేవో. చివర్లో రెండు ఆకుపచ్చ చెత్తడబ్బాలు పెట్టి ఫొటో దిగారు.

నేను లేచి అడిగాను. "సార్, ఈ డబ్బాలు నిండితే కొండ కిందికి ఎవురు దించాల?"

"కమ్యూనిటీ పార్టిసిపేషన్ అమ్మా" అన్నాడు ఆయన.

"అంటే ఏంది సార్?"

"అంటే మీరే."

ఆ మాట ముందే చెబితే షామియానా ఖర్చు మిగిలేది. ఒక డబ్బాను కోతులు దొర్లించుకుపోయాయి. రెండోదాన్ని ఎవరో బోర్లించి, కడిగి, అందులో కోడిమాంసానికి ఉప్పూ కారం పట్టించారు. నా కళ్లతో చూశాను. ఆ పూట నాకు తిండి ఎక్కలేదు.

అప్పుడు మా ఆయనకు ఆలోచన వచ్చింది. ఆయనకు ఆలోచన రావడం అరుదు, వస్తే మాత్రం ఆగదు. మాచర్లలో ఒక కొట్టు పక్క గోడకు దేవుళ్ల టైల్స్ అతికించారు, అప్పటినుంచి అక్కడ ఉచ్చ పోసేవాడు లేడు. మన చెలమ పక్కన కూడా ఒక దేవుణ్ని పెడితే పీడ విరగడవుతుందని ఆయన ఉపాయం.

"మనిషికి సిగ్గు లేనిది దేవుడేం చేత్తాడయ్యా? ఆ గోడ మానేసి పక్క గోడకు పోసుంటారు, పోయి చూడు" అన్నాను.

"నువ్వట్నే అంటావు. మీ నాయన బొమ్మలు జెక్కేవోడై ఉండి మనకెందుకే ఈ తిప్పలు?"

నా పుట్టిల్లు దుర్గి. మా నాయన రాతి బొమ్మలు చెక్కుతాడు. చిన్నప్పుడు మేం అన్నంలో రాతిపొడి తిన్నాం, జలుబు చేసి చీదితే అదే వచ్చేది. అల్లుడు వచ్చి దేవుడు కావాలనేసరికి నాయన సంతోషించాడు. ఆంజనేయుణ్ని చెక్కిస్తా, కొంచెం ఆగమన్నాడు. మా ఆయన ఆగే మనిషి కాదు. మా పుట్టింటి వాకిట్లో వేపచెట్టు కింద ఒక అమ్మవారి విగ్రహం ఉంది. ఎవరో చెప్పి చేయించుకుని, తీసుకుపోవడానికి మళ్లీ రాలేదు. మా ఆయన కన్ను దాని మీద పడింది.

"ఇది ఉందిగా మామా, ఇదిచ్చెయ్యి."

నాయన తల అడ్డంగా ఊపాడు. "దానికింకా పని ఉందయ్యా. అయినా అమ్మోరిని పెడితే కోడి రాకుండా ఉంటదా? ఆంజనేయుడైతే అప్పాలతో, తమలపాకులతో పోతది."

"కోడెందుకొత్తది మామా? మేం ఎవురికీ చెప్పం గదా."

మా ఇంట్లో అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. పల్నాడులో పుట్టి, చిన్నప్పటినుంచి ప్రతి అమ్మవారి కొలుపుకూ వెళ్లి వేటకూర తిన్న మనిషి, అమ్మవారిని ఒక కొండ మీద ఊరికే నిలబెట్టి ఆమె ముందుకు కోడి రాదనుకున్నాడు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నాయన చివరికి ఒప్పుకున్నాడు గానీ, ప్రతిష్ఠ రోజున తనను తప్పక పిలవమని పదేపదే చెప్పాడు. అట్నే అని మా ఆయన విగ్రహాన్ని ఆటోలో వేసుకొచ్చేశాడు. ఊళ్లో వాళ్లను పోగేసి కొండెక్కించి, చెలమ పక్కన బండ మీద నిలబెట్టి, పసుపు పూసి ఎర్రచీర చుట్టాడు. ఆదివారం లోపు అయిపోవాలన్న తొందరలో నాయనను పిలవడం మరిచాడు.

నిజం చెప్పాలి, మొదటి ఆదివారం నేను ఆశ్చర్యపోయాను. చెప్పులు విప్పి దండం పెట్టుకుని, దూరంగా జరిగి కూర్చున్నారు. చెలమలో ఎవరూ కాళ్లు పెట్టలేదు. మా ఆయన ఆ రాత్రి నా ముందు మీసం తిప్పడం ఒక్కటే తక్కువ. అత్త కూడా కొడుకు తల నిమిరింది.

ఆ ముచ్చట నాలుగు రోజులే. ఎవరికో పోయిన బైకు దొరికిందట, అమ్మవారికి మొక్కుకున్నాకే దొరికిందట. అదీ ఫోన్లలో తిరిగింది. కోరిన కోరికలు తీర్చే జలపాతం అమ్మవారు. ఇక ఆదివారం ఒక్కటే కాదు, మంగళవారం, శుక్రవారం కూడా జనమే. కోళ్లు వచ్చాయి. చెలమ గట్టు మీదే మెడలు కోశారు. అక్కడే వేడినీళ్లలో ముంచి ఈకలు పీకారు, అక్కడే పేగులు లాగి విసిరేశారు. గుండ్లు కొట్టించుకున్నారు. వెంట్రుకలు, షాంపూ ప్యాకెట్లు, తడిసిన పాతచీరలు, కర్పూరం మసి, నల్లగా కుళ్లిన అరటిపళ్లు. ఇదివరకు తాగుబోతుల మురికి. వాళ్లను ఒక మాట అనడానికన్నా ఉండేది. ఇది భక్తుల మురికి, నోరెత్తకూడదు.

ఒకరోజు బిందె ముంచుతుంటే ఒక కుటుంబం అక్కడే కోడిని కడుగుతోంది. నీళ్లలో నెత్తురు తీగలు తీగలుగా సాగుతోంది.

"అమ్మా, ఇయ్యి మేం తాగే నీళ్లు. కిందికి పోయి కడుక్కోండమ్మా" అన్నాను.

ఆ ఇంటి పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. "అమ్మోరికి ఇచ్చుకుంటా ఉంటే అడ్డం వత్తావేంది? ఇదేమన్నా నీ సొంత చెలమా?"

"అమ్మోరు పేగులు కూడా అడిగిందా?" అన్నాను. నన్ను నలుగురూ కలిసి తిట్టారు. తిట్లు నాకు కొత్త కాదు. ఇంటికి వచ్చి, నీళ్లు గుడ్డలో వడగట్టి, దాహమేసి గ్లాసెడు తాగాను. నాలుక మీద ఏదో మెత్తగా అతుక్కుంది. వేలితో తీసి చూస్తే సన్నటి ఈక. తడి ఈక, దాని మొదట్లో ఇంకా కొవ్వు అంటుకుని ఉంది. వాకిట్లోకి పరుగెత్తి కక్కాను. కడుపులో ఏమీ లేకపోయినా కక్కుతూనే ఉన్నాను. ఆ మెత్తదనం ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది.

ఆ రోజునుంచి ఇంట్లో డబ్బా నీళ్లు వేయించాను. అత్త ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేసేది. నేను బయటికి పోయినప్పుడు చెంబు పట్టుకుని తనే కొండెక్కి తాగి వస్తోందని నాకు తెలియదు. తెలిసేసరికి వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. మా ఆయన ఆటోలో మాచర్ల ఆసుపత్రికి తీసుకుపోతుంటే, ఎదురుగా మా కొండకు వచ్చే కార్లు దారి ఇవ్వలేదు. ఆయన ఆటో దిగి ఏడుస్తూ బతిమాలాడు, చివరికి తిట్టాడు. అప్పటికి గానీ ఆయన వాళ్లను నాలా తిట్టడం నేర్చుకోలేదు.

అత్త బతికింది. ఇంటికి వచ్చాక మంచంలో పడుకుని గోడవైపు తిరిగి ఒకటే మాట. "నా పుట్టింటి నీళ్లు తప్పించుకోని ఈడికొచ్చా. ఈ వయసులో ఈ నీళ్లు గూడా లేకుండా జేశారు." మంత్రం లాగా అదే మాట. దేవుడిమీద కోపం లేదు, జనం మీద కూడా లేదు, నీళ్లు పోయాయన్న దుఃఖం ఒక్కటే.

ఆమెను చూడ్డానికి నాయన దుర్గి నుంచి వచ్చాడు. తన చేతి విగ్రహం ఎలా ఉందో చూద్దామని కొండెక్కి, ముక్కు మూసుకుని దిగివచ్చాడు. అరుగు మీద కూర్చుని మా ఆయనను అడిగాడు.

"దానికి కళ్లు తెరిచిందెవురయ్యా?"

మా ఆయన బిక్కమొహం వేశాడు. ఆ మాట వినగానే నాకు చిన్నప్పటి మా వాకిలి గుర్తొచ్చింది. విగ్రహం అంతా చెక్కినా కంటిపాప గీత మాత్రం నాయన గీయడు. ప్రతిష్ఠ రోజున తలంటుకుని, పొద్దుటినుంచి పచ్చి గంగైనా ముట్టకుండా, చివరి ఉలి దెబ్బ కంట్లో వేస్తాడు. అప్పటిదాకా అది రాయే. మేం చిన్నప్పుడు అలాంటి దేవుళ్ల మీద బట్టలు ఆరేసుకునేవాళ్లం.

"అయితే ఇన్నాళ్లూ మొక్కినోళ్లు?" అన్నాడు మా ఆయన.

"రాయికి మొక్కారు."

"మరి తీరిన కోరికలు?"

"అయ్యి వాళ్లకే తెలియాల. కళ్లు తెరవంది గాబట్టి తిరగలి ఎత్తినట్టు ఎత్తి యాడికైనా మార్చొచ్చు, దోషం లేదు. రోడ్డు పక్కకు దించండి. నేనే కళ్లు తెరుత్తా."

పకోడీ బండి వాళ్లు, కోళ్లు అమ్మేవాళ్లు మా ఇంటి మీదికి వచ్చారు, మా పొట్ట కొడతారా అని. రోడ్డు పక్కకైతే ముసలివాళ్లు కూడా వస్తారు, బేరం పెరుగుతుంది అని మా ఆయన సర్దిచెప్పాడు. ఆటోవాడికి అది చెప్పడం బాగా వచ్చు. బేరం అనగానే వాళ్ల భక్తి రోడ్డు మీదికి దిగడానికి ఒప్పుకుంది. అప్పుడు మంచం మీదినుంచి అత్త గొంతు వినిపించింది.

"ఒకటే మాట. కొండదారి మొదట్లోనే పెట్టండి. అమ్మోరి ముందు చెప్పులిడిచినోడు మళ్లా తొడుక్కోని ఆమెను దాటి పైకి పోతే ఊరుకునేది లేదు. పోతే వట్టికాళ్లతో పోవాల."

మా కొండదారి ఎలాంటిదో మాకు తెలుసు. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు, మధ్యాహ్నానికి పెనంలా కాలే బండలు. బేరం రోడ్డు మీదే కాబట్టి అందరూ సరేనన్నారు. ఆసుపత్రి నుంచి వచ్చాక నేను మొదటిసారి నవ్వాను.

శుక్రవారం పొద్దున దారి మొదట్లో కొత్త దిమ్మె మీద అమ్మవారు నిలబడింది. డప్పులు, జనం, ఎత్తిపట్టిన ఫోన్లు. నాయన తడిబట్టలతో ఉలి పట్టుకుని నిలబడ్డాడు. కళ్లు తెరిచిన అమ్మవారి మొదటి చూపు చానా పదునని, అది మనిషి మీద పడకూడదని, ఎదురుగా అద్దం పెట్టడం మా వాళ్ల ఆచారం.

"అద్దం ఏదమ్మా?" అన్నాడు నాయన నాతో.

నేను అద్దం ఇవ్వబోతుంటే అత్త ఆటోలోంచి దిగింది. ఆటో వెనక గోతాలు ఉన్నాయి, ఆ వారమంతా చెలమలోంచీ చుట్టుపక్కలనుంచీ నేను ఏరి కట్టినవి, కిందికి దించి ఎక్కడ పారేయాలో తెలియక ఆటోలో వేసినవి. వాటిని తెమ్మంది. మూతి విప్పి అమ్మవారి ఎదురుగా దొర్లించమంది. ఈకలు, పురుగు పట్టిన పేగులు, డైపర్లు, వెంట్రుకల ఉండలు, జిగురు కారే కవర్లు. డప్పులు ఆగిపోయాయి. జనం ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. అపచారం అని ఎవరో అరిచారు.

అత్త నాయన వంక చూసి అంది. "అద్దం ఎందుకన్నయ్యా? ఆమె పేరు జెప్పి మా నీళ్లల్లో ఏసినయ్యే గదా ఇయ్యన్నీ. ముందు ఆమెనే చూడనీ."

నాయన నన్ను అద్దం దించమని, ఉలిని అమ్మవారి కంటికి ఆనించాడు. తర్వాత సుత్తి ఎత్తాడు. ఆ రెండు దెబ్బలు తప్ప వేరే చప్పుడు లేదు. నాకు భయం వేయలేదు, పాపం అనిపించలేదు. ఎన్నాళ్ల తర్వాతో కడుపు చల్లబడింది.

ఇప్పుడు ఎవరూ పైకి రావడం లేదనలేను. వచ్చేవాళ్లు తక్కువ. చెప్పులు విడిచి, నాలుగడుగులు వేసి, ముల్లు గుచ్చుకోగానే కుంటుకుంటూ వెనక్కి తిరుగుతారు. భక్తి అంతా అరికాలి దగ్గర తేలిపోయింది. చేతిలో బిర్యానీ సంచీ, బీరు పెట్టె మోసుకుంటూ వట్టికాళ్లతో ఎక్కేవాడు ఎవడూ లేడు. తినేదీ, కోసేదీ, ఏరిగేదీ అన్నీ రోడ్డు పక్కనే. అక్కడ కంపు అలాగే ఉంది, ఈగలు ముసురుతూనే ఉన్నాయి, చూస్తే నాకు ఇప్పటికీ డోకు వస్తుంది. కాకపోతే పంచాయతీ ట్రాక్టరు అక్కడిదాకా వస్తుంది కాబట్టి ఎత్తుకుపోతున్నారు. ఆఫీసు సార్లు మళ్లీ వచ్చి అక్కడ ఇంకో ఫ్లెక్సీ కట్టారు. నేను దాని కింద నిలబడి ఫొటో దిగనన్నాను. నియమం నియమమే కాబట్టి నేను కూడా వట్టికాళ్లతోనే నీళ్లకు పోతున్నాను.

చెలమను మేమే బాగుచేశాం. నీళ్లన్నీ తోడిపోసి, అడుగున పేరుకున్న జిగటంతా చేతులతో ఎత్తి, బండలను కొబ్బరిపీచుతో తోమి, పిడుగురాళ్ల సున్నం కొట్టి, ఊరిన నీళ్లను మళ్లీ మళ్లీ తోడిపోశాం. వానలు పడ్డాయి. మా ఆయన సీసాలో పట్టుకుపోయి మాచర్లలో పరీక్ష చేయించుకొచ్చాడు. బాగున్నాయన్నారు.

మొదటి బిందె తెచ్చిన రోజున అత్త వాకిట్లోకి వచ్చి కూర్చుంది. గ్లాసు ముంచి, ఎత్తి, గడగడా తాగింది. గడ్డం మీదినుంచి కారిన నీళ్లు తుడుచుకోకుండా కళ్లు మూసుకుంది. మళ్లీ గ్లాసు ముంచి నాకు అందించింది. "తాగు పిల్లా. ఎనకటి మాదిరే ఉన్నయ్యి."

గ్లాసులో నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున గ్లాసు మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి. నోటిదాకా తీసుకున్నాను. నాలుక మీద ఆ మెత్తటిది మళ్లీ కదిలింది. దించేశాను. మళ్లీ ఎత్తాను, మళ్లీ దించేశాను. అత్త నా వంక చూస్తూ ఉంది. నా చేతిలోంచి గ్లాసు తీసుకుని ఆ నీళ్లు కూడా తనే తాగింది.